బాబాయి తుంటిలో సుద్దగోళీలు

మా బాబాయి నన్నెవరికైనా పరిచయం చేయాల్సి వస్తే "మా అన్నయ్య కూతురండీ. ఇంజనీరింగ్ చదివి గోళీలు చేస్తోంది" అంటాడు. వినేవాళ్ళు నాకేదో గోలీసోడా వ్యాపారం ఉందనుకుంటారు. ఆడపిల్లలు అన్ని రంగాల్లోకీ వస్తున్నారని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నేను పళ్ళు కొరుక్కుంటూ "మందు గోళీలండీ, ఆపరేషన్లో ఎముక పక్కన పెట్టేవి" అని మొదలుపెట్టేలోపు బాబాయి కండువా సర్దుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయి ఉంటాడు.

నిజానికి నేను గోళీలు చేయను. గోళీలు చేసే అచ్చు చేస్తాను. హైటెక్ సిటీ దాటి మాదాపూర్ లోపలికి వస్తే, కింద బిర్యానీ హోటలు, పైన కోచింగ్ సెంటరు, ఆ పైన మా కంపెనీ. పేరు చెప్పినా ఎవరికీ తెలియనంత చిన్నది. మధ్యాహ్నం పన్నెండు దాటితే మా డిజైన్లన్నిటికీ మసాలా వాసన పడుతుంది. మేం తయారుచేసేవి రెండే వస్తువులు, రెండూ తుంటి కీలు మార్చే ఆపరేషన్లకు పనికొచ్చేవే.

మొదటిది నా అచ్చు. ఇడ్లీరేకుకు గుంటలున్నట్టు ఒక రబ్బరు పలక నిండా చిన్న చిన్న గుంటలుంటాయి. తుంటి ఆపరేషన్ చేసిన చోట చీము పడితే, మందు బిళ్ళలు మింగించినా, నరానికి ఎక్కించినా, ఆ ఎముక దాకా చేరేది కొంచెమే. అందుకని సర్జన్లు సుద్దలాంటి ఒక పొడిలో ఆ మందు కలిపి, ద్రవం పోసి, చపాతీ పిండికీ దోసెల పిండికీ మధ్య రకంగా కలుపుతారు. దాన్ని నా పలక మీద రుద్దితే గుంటల్లోకి దిగి గట్టిపడుతుంది. పలకను మెలితిప్పితే కందిగింజలంత గోళీలు రాలతాయి. వాటిని ఎముక చుట్టూ పరిచి కుట్టేస్తారు. అవి నెమ్మదిగా కరుగుతూ, మందు ఎక్కడ కావాలో అక్కడే వదులుతాయి. వినడానికి ఇంతే. కానీ ఒక్కో మందుకు ఒక్కో తిక్క. ఒకటి కలిపితే ముద్ద చెంచాలోనే రాయైపోతుంది, ఇంకొకటి కలిపితే ఎంతసేపటికీ గట్టిపడదు. గుంట కొంచెం లోతైతే గోళీ ఊడేటప్పుడు విరుగుతుంది. ఆ గుంట వంపు గురించి నేను పెట్టుకున్నంత బెంగ మా ఇంట్లో ఎవరి పెళ్ళి గురించీ పెట్టుకోలేదు.

రెండోది మా మేనేజరు మానసపుత్రిక. సర్జన్ అసలు కీలు బిగించే ముందు ఒక నమూనా కీలు పెట్టి, కాలిని అటూ ఇటూ వంచి, ఎక్కడైనా జారుతుందేమో చూసుకుంటాడు. మా పరికరాన్ని తొడకు పట్టీలా కడతారు. కుర్చీలో కూర్చుంటే ఇలా, మెట్లెక్కితే ఇలా, కారెక్కితే ఇలా, బూటు లేసు కట్టుకుంటే ఇలా అని భంగిమలన్నీ దానికి నేర్పి పెట్టాం. ఎక్కడ కీలు జారే ప్రమాదముందో అక్కడ కూత పెడుతుంది.

ఇంక బాబాయి సంగతి. ఆయన పురోహితుడు. నల్లగండ్లలో మా ఎదురు బ్లాకులో ఉంటాడు. చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్న కొద్దీ ఆయనకు గృహప్రవేశాలు పెరిగాయి. సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఆయనంటే ఇష్టం. మంత్రానికి అర్థం చెప్తాడు, టైముకి ముగిస్తాడు, మధ్యలో ఎవరి ఫోన్ మోగినా "ముందు పైవాడి కాల్ పూర్తిచేద్దాం నాయనా" అంటాడు. ఈ ఒక్క ముక్కతో ఏళ్ళ తరబడి నెట్టుకొస్తున్నాడని నేను ఎద్దేవా చేస్తే పిన్ని మాత్రం నవ్వాపుకోలేక లోపలికి పోతుంది.

పౌరోహిత్యం నోటి పని అనుకుంటారు. కాదు, సగం కాళ్ళ పని. తెల్లవారకముందే పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, హోమం పూర్తయ్యేదాకా లేవకూడదు. అలా కూర్చుని కూర్చుని బతికిన మనిషికి కుడి తుంటి మొరాయించింది. మొదట గ్రానైట్ నేలలు చల్లగా ఉన్నాయన్నాడు. తర్వాత ఏసీ గాలి తప్పన్నాడు. తర్వాత లిఫ్టు కుదుపన్నాడు. తుంటిని తప్ప అందరినీ తిట్టాడు. లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడని పిన్ని చెప్తే "గోడ బలంగా కట్టారో లేదో చూస్తున్నాను" అని బుకాయించాడు.

ఒకరోజు ఖాజాగూడలో ఇరవయ్యో అంతస్తో ఏదో, కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశం. ఆ ఇంటి పిల్లలు మంచివాళ్ళు. పంతులుగారు కింద కూర్చోలేకపోతున్నారని తెలిసి, ఆయనకు చెప్పకుండానే హోమగుండాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టించి, చుట్టూ కుర్చీలు వేశారు. దంపతులు కుర్చీల్లో, బాబాయి కుర్చీలో, మధ్యలో టేబుల్ మీద అగ్నిహోత్రం. వాళ్ళ తాలూకు పెద్దాయనెవరో లోపలికొచ్చి చూసి "పంతులుగారూ, ఇది హోమమా, హోటలా?" అన్నాడట. అందరూ నవ్వారు. బాబాయీ నవ్వాడు. నాకు ఆ వీడియో ముందు ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, నేనూ పగలబడి నవ్వాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే పిన్ని సైగ చేసి చెప్పింది, వచ్చినప్పటినుంచీ మెతుకు ముట్టలేదని. బాబాయి బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"కూర్చోలేని పంతులెందుకే?" అన్నాడు నన్ను చూసి. "రేపట్నుంచి నిలబడి అప్పడాలమ్ముకుంటాను."

ఆయనకు వచ్చింది ఆ ఒక్క పని. అది పోతే నొప్పి పోయినా ఆ మనిషి మిగలడని నాకు భయమేసింది.

మా పరికరాలు వాడే సర్జన్ ఒకాయన దగ్గరలోనే ఉన్నాడు. ఇక్కడివాడే, మాట కరుకు, చెయ్యి మెత్తన. ఎక్స్‌రే లైటు మీద పెట్టి చూపించాడు.

"పంతులుగారూ, తుంటి గిన్నె మొత్తం అరిగిపోయింది. మార్చుడే. ఏం ఫికర్ పెట్టుకోకుండ్రి. మంచిగ నడుస్తరు, మెట్లెక్కుతరు, కార్ల తిరుగుతరు."

"కింద కూర్చుంటానా?"

"కింద వద్దు. కుర్చీల కూసోండ్రి. ఇప్పుడెవరు కింద కూసుంటున్నరు?"

బాబాయి లేచి, నచ్చని సంబంధం చూసి వచ్చేసేవాడిలా నమస్కారం పెట్టి "సరేనండి, ఆలోచించుకుని కబురు పెడతాం" అన్నాడు. కార్లో కూర్చున్నాక నా మీద పడ్డాడు. "నడవడానికి నేనేమైనా పోస్ట్‌మేన్‌నటే? నాక్కావలసింది కూర్చోవడం! దానికి మందు లేదా మీ సైన్సులో?"

"కింద కూర్చుంటే కీలు జారుతుంది బాబాయ్."

"ఎవరన్నారు?"

"డాక్టరుగారు."

"ఆయనకెవరన్నారు?"

నాకు ఒళ్ళు మండింది. ఎర్రలైటు దగ్గర ఆ కోపమంతా హారన్ మీద చూపించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో భోజనాలు. మా భోజనాల బల్ల మీద కొత్త ప్రింటర్ పెట్టి చాలా కాలమైంది, కాబట్టి అందరం హాల్లో చాప పరిచి కిందే కూర్చుని డబ్బాలు విప్పుకుంటాం. చారన్నంలో చెయ్యి పెట్టి చుట్టూ చూశాను. మేనేజరు, సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలు, అకౌంట్స్ ఆవిడ, నేను, అందరం బాసింపట్టే. మా పరికరానికి నేర్పిన భంగిమలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. బూటు లేసు కట్టుకోవడం ఉంది. మా గుమ్మం ముందు చూస్తే అన్నీ చెప్పులే, లేసున్న జోడు ఒక్కటి లేదు. గోల్ఫ్ కూడా ఉంది. నేల మీద కూర్చోవడం లేదు. విదేశీ పరికరాల్లో ఏ భంగిమలుంటే అవి చూసి రాసుకున్నాం. రోజూ నేల మీద కూర్చుని, అన్నం తింటూ, మీటింగులు పెట్టుకుని మరీ రాసుకున్నాం!

"సార్, మనంత బుద్ధిమంతులు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు" అన్నాను మేనేజరుతో, సంగతంతా చెప్పి. ఆయన తెలంగాణ మనిషి, నెమ్మదస్తుడు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. ఒకసారి తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"అరె, ఏందిది! గిట్లెట్ల మర్చిపోయినం?" అన్నాడు. "ఇగ పెడదాం మేడం. జర పంతులుగార్ని ఓపారి ఆఫీసుకు తీస్కరండ్రి. ఆయనకన్న మంచిగ కూసునేటోళ్ళు మనకెవరు దొరుకుతరు?"

బాబాయి పట్టుపంచె కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. చాప మధ్యలో కూర్చోబెట్టి రెండు తొడలకూ మా పట్టీలు కట్టాం. కుడికాలు నొప్పితో సగమే మడతపడింది. ఎడమకాలు మాత్రం కాగితం మడతపెట్టినట్టు కూర్చుంది. పోల్చి చూడాలి కాబట్టి ఆఫీసంతా వరసగా పట్టీలు కట్టుకుని ఆయన చుట్టూ కూర్చున్నారు.

"సార్లూ, సక్లంముక్లం ఏస్కొని కూసోండ్రి, కదలొద్దు" అన్నాడు మేనేజరు.

బాబాయి ఊరుకుంటాడా? సాఫ్ట్‌వేర్ పిల్లవాడొకడి మోకాళ్ళు చెవులదాకా లేచి ఉంటే "నాయనా, మోకాళ్ళు కిందికి దించు, విమానాలకి అడ్డం" అన్నాడు. అకౌంట్స్ ఆవిడని మెచ్చుకున్నాడు. నన్ను చూసి "నువ్వు కూర్చున్నట్టు లేదే, పడిపోయినట్టుంది" అన్నాడు. చివరికి మా పరికరం గోత్రం అడిగాడు. తెలియదంటే, సర్లే, కాశ్యపస అని చెప్పేసి, దానికి కాస్త కుంకుమ పెట్టాడు. ఆ కుంకుమ సెన్సర్ లోకి పోయి మర్నాడంతా అది ఊరికే కూతలు పెట్టింది. శుభ్రం చేసింది నేను.

లెక్కలు తీసి చూస్తే మాకే ఆశ్చర్యమేసింది. బాసింపట్టులో మోకాళ్ళు బయటికి తెరుచుకుంటాయి కాబట్టి కీలు బాగా కుదురుకునే ఉంటోంది. ప్రమాదమంతా కూర్చోవడంలో కాదు, కిందికి దిగడంలో, పైకి లేవడంలో ఉంది. ఆ లెక్కలు సర్జన్‌కి చూపిస్తే రెండుసార్లు తిరగేశాడు.

"ఆపరేషన్ల గా భంగిమ కూడ పెట్టి చూస్త" అన్నాడు. "పరికరం కూత పెట్టకపోతే, కొన్ని నెలలైనంక కింద కూసోమని చెప్త. కూత పెడితే జిందగీ మొత్తం కుర్చీనే. మాటిస్తలేను, పంతులుగారూ. రేపు నన్ను తిట్టొద్దు."

"తిట్టను. శపిస్తాను" అన్నాడు బాబాయి, సంతకం పెడుతూ.

ఆపరేషన్ రోజు పరికరం కూత పెట్టలేదు. కాలిని బాసింపట్టులోకి మడిచి కాసేపు పట్టుకు చూశాననీ, గమ్మునుందనీ సర్జనే బయటికొచ్చి చెప్పాడు. పిన్ని ఆయనకు దణ్ణం పెట్టింది. నేను ఆఫీసుకు ఫోన్ చేసి చెప్తే అక్కడ చప్పట్లు వినిపించాయి. బాబాయి వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టి, ఫిజియోథెరపీ అమ్మాయికి పెళ్ళి ముహూర్తం కూడా పెట్టేశాడు. అంతా సవ్యంగా ఉందనుకుని నేను నా గుంటల లోకంలోకి వెళ్ళిపోయాను.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు పిన్ని ఫోన్ చేసింది. "ఒకసారి రావే. ఆయనకి చలిగా ఉందిట. నన్ను దగ్గరికి రానివ్వట్లేదు."

వెళ్ళేసరికి ముఖం ఎర్రగా, ఒళ్ళు కాలిపోతూ ఉన్నాడు. ఏమీ లేదే, గాలి మార్పు అన్నాడు. దుప్పటి తీసి కట్టు చూశాను. తడిగా ఉంది. వాసన వస్తోంది.

"స్నానం చేశావా? కుట్ల మీద నీళ్ళు పడకూడదని డాక్టరుగారు నా ముందే కదా చెప్పింది!"

"ఒక్క చుక్క పొయ్యలేదే. ఒట్టు. గుడ్డ పెట్టి పైపైన తుడుచుకుంటున్నానంతే."

"మరి తడెలా వచ్చింది?"

పిన్ని గుమ్మం దగ్గర నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి ఆవిడే చెప్పింది. పొద్దున్నే సంధ్యావందనానికి మడి కట్టుకోవాలి కదా. పంచె తడిపి, పిండి, ఆ తడిబట్టే కట్టుకుని, వాకర్ పట్టుకుని నిలబడి సంధ్య వార్చుకుంటున్నాడట. రోజూ. ఆ పంచె అలా ఒంటి మీదే ఆరేదాకా.

"నీళ్ళు పొయ్యొద్దన్నారు" అన్నాడు బాబాయి, చిన్నపిల్లాడిలా. "తడిబట్ట కట్టొద్దని ఎవరూ అన్లేదే."

నేను అరిచాను. ఆ అరుపు లిఫ్టులో వాళ్ళకి కూడా వినిపించే ఉంటుంది. "అనరు బాబాయ్! ఎందుకంటారు? ఆ ఆస్పత్రిలో ఎవరికి తడుతుంది, కుట్లున్న మనిషి తడి పంచె చుట్టుకుంటాడని? పట్టుపంచె కట్టుకోవచ్చుగా! పట్టు తడపక్కర్లేదు, మడికి అదీ పనికొస్తుందని నాకు చెప్పింది నువ్వే!"

"రోజూ ఇంట్లో పట్టేవిటే, నేనేమైనా పెళ్ళికొడుకునా?" అన్నాడు. అని, వెంటనే కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఆయనకీ భయంగానే ఉందని. కట్టు రంగు మారడం, వాసన రావడం ఆయనకి ముందే తెలుసు. చెప్తే మళ్ళీ కోసి ఆ కీలు తీసేస్తారేమోనని నోరు మెదపలేదు.

సర్జన్ చూసి చాలా తిట్టాడు. నాకన్నా బాగా తిట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"మళ్ళ తెరిచి మొత్తం కడగాలె మేడం. కీలును గట్లనే ఉంచి, లోపల మీ గోలీలు పెడత. చీము తగ్గిందా, మంచిదే. తగ్గకపోతే కీలు తీసెయ్యాలె. తీసేస్తె కింద కూసునుడు కాదు, కుర్చీల కూసునుడు కూడ కష్టమైతది."

ఏ మందు కలుపుతారని అడిగాను. చెప్పాడు. ఆ మందు కలిపితే ముద్ద గట్టిపడడం ఆలస్యమవుతుంది. తొందరపడి పలక మెలితిప్పితే గోళీలు నలిగి పొడవుతాయి. ఆ మందుకోసమే గుంటల వంపు మార్చాను. ఆఫీసులో ఎన్నోసార్లు చేసి చూశాం, బాగానే వచ్చాయి. కానీ ఆఫీసు వేరు, ఆపరేషన్ థియేటర్ వేరు. మా కంపెనీ తరఫున లోపల నిలబడాల్సిన మనిషిని నేనే. ఇంటి మనిషి ఆపరేషన్‌కి వద్దని సర్జన్ అన్నాడు, నేనూ ఒప్పుకున్నాను. మేనేజరు వెళ్ళాడు.

స్ట్రెచర్ మీదకు ఎక్కించేముందు బాబాయి నన్ను పిలిచాడు. "ఏమే, నీ గోళీల్లో ఏముంటుంది? ఆవు ఎముక పొడి గట్రా కాదు కదా?"

"సుద్ద బాబాయ్. నల్లబల్ల మీద రాస్తారు చూడు, ఆ జాతిదే. బాగా శుద్ధి చేసింది."

"చిన్నప్పుడు నువ్వు బడిలో సుద్దముక్కలు తినేదానివి. మీ అమ్మ కొట్టబోతే నేనే అడ్డం పడ్డాను. ఇప్పుడు నాకు పెడుతున్నావన్నమాట" అన్నాడు. నవ్వడానికి చూశాడు గానీ పళ్ళు కొట్టుకుంటున్నాయి. తలుపు దగ్గరికి వెళ్ళాక గొంతు తగ్గించి అడిగాడు. "సరిగ్గా ఊడొస్తాయా?"

"వస్తాయి" అన్నాను. అంత గట్టిగా చెప్పడానికి నాకేం హక్కుందో నాకే తెలియదు.

బయట పిన్ని విష్ణు సహస్రనామం చదువుకుంటోంది. నాకు ఏ నామమూ రాలేదు. మనసులో పొడి కలిపాను, ద్రవం పోశాను, ముద్ద చేశాను, పలక మీద రుద్దాను. ఆగు, ఇంకా ఆగు, తొందరపడకు అని ఎవరికో చెప్పుకుంటూ కూర్చున్నాను. వేలికి తగలని ఆ పలకను నేను ఎన్నిసార్లు మెలితిప్పానో.

మేనేజరు ముందు బయటికొచ్చాడు, తలమీద టోపీ ఇంకా తియ్యలేదు. "ఒక్కటి కూడ పగల్లేదు మేడం" అన్నాడు. "జర లేటుగ గట్టిపడ్డయ్. సర్ పరేషాన్ అయిండు, నేనే ఆపిన, జర ఆగుండ్రి సార్ అని. మంచిగ రాలినయ్."

నేను ఆ ఆస్పత్రి వరండాలో, అందరి ముందూ, గట్టిగా ఏడ్చాను. సిగ్గుపడలేదు. పిన్ని సహస్రనామం ఆపి నా వీపు రాసింది.

అంతటితో భయం పోయిందా అంటే పోలేదు. కుట్ల చివరినుంచి తెల్లటి నీరు కారడం మొదలైంది. పిన్ని "పాలు కారుతున్నాయే!" అని హడలిపోయింది. అది చీము కాదనీ, నా గోళీలు కరుగుతున్న నీళ్ళేననీ నేను చెప్తే బాబాయి పిన్నిని ఓదార్చాడు. "మనమ్మాయి గోళీలే. చెప్పింది కదా, సుద్దని. లోపల ఎవరో అక్షరాలు దిద్దుతున్నారు." మందులు, రక్తపరీక్షలు, ఆస్పత్రికి పోవడాలు, రావడాలు. ఈసారి మడి అంటే పట్టుపంచే. అదీ తుంటికి తగలకుండా కట్టుకోవడం నేను దగ్గరుండి చూశాను. మొదటి ఎక్స్‌రేలో గోళీలన్నీ సగ్గుబియ్యంలా కనిపించాయి. ఆ తర్వాతి దాంట్లో సగమే. చివరిదాంట్లో ఏమీ లేవు. రక్తంలో చీము జాడ కూడా లేదు. ఎక్స్‌రేని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి "ఎక్కడికి పోయాయే?" అని అడిగాడు బాబాయి. నీలోనే కరిగిపోయాయన్నాను. ఊఁ అన్నాడు. ఆ రోజు నన్ను వెక్కిరించలేదు.

ఇక మిగిలింది నేల. సర్జన్ చాలా నెలలు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కూడా కిందికి దిగేటప్పుడు, పైకి లేచేటప్పుడు ఆసరా ఉండాలని మరీ మరీ చెప్పాడు. ఆ మాట వినగానే మా మేనేజరు మియాపూర్‌లో తన కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి బాబాయినే పిలిచాడు. మెట్రో ఆఖరి స్టేషన్ నుంచి నడిచిపోయే దూరం. ఎప్పుడో కావాల్సిన గృహప్రవేశం అది. వేరే పంతులు దొరక్క ఆగిందీ కాదు.

"మీరు కూసున్నప్పుడే మా ఇంట్ల పాలు పొంగియ్యాలె అనుకున్న" అన్నాడు బాబాయితో.

నేను వెళ్ళేసరికి హాలు నిండా మనుషులు. మధ్యలో ఇటుకలు పేర్చిన హోమగుండం, నేల మీదే. పీట వేసి ఉంది. దాని పక్కనే మేనేజరు ఒక కుర్చీ కూడా ఉంచాడు, కొత్త తువ్వాలు కప్పి, ఎవరికీ ఏమీ తెలియనట్టు. బాబాయి దాన్ని చూశాడు, దాని మీద తన కండువా ఆరేసినట్టు వేశాడు. తర్వాత కిటికీ గట్టు పట్టుకుని, ఎడమ మోకాలు ముందు ఆనించి, ఫిజియో అమ్మాయి నేర్పినట్టు, నిదానంగా దిగాడు. కుడికాలు మడిచాడు. మా ఆఫీసు వాళ్ళందరూ వరసగా నిలబడి ఆ కాలినే చూస్తున్నారు. నేను కూత కోసం వింటున్నాను, అక్కడ ఏ పరికరమూ లేకపోయినా.

కాలు కుదురుకుంది. వీపు నిటారుగా అయింది. "శుక్లాంబరధరం" అన్నాడు. ఆ గొంతు టేబుల్ మీద హోమం వీడియోలో విన్న గొంతు కాదు.

హోమమంతా జరిగింది. పూర్ణాహుతి వేశారు. ఇక లేచి హారతివ్వాలి. బాబాయి చేత్తో నేల నొక్కాడు, కొంచెం లేచాడు, మళ్ళీ కూర్చుండిపోయాడు. ఇంకోసారి చూశాడు. కింద కూర్చున్నవాడికి కిటికీ గట్టు అందే ఎత్తులో లేదు, కుర్చీని జనం ఎప్పుడో వెనక్కి జరిపేశారు. మేనేజరు ఒకడుగు వేసి ఆగిపోయాడు. బాబాయి మడిలో ఉన్నాడు. మడిలో ఉన్న పంతుల్ని ఎవరు ముట్టుకుంటారు? నాకు ఊహ తెలిసినప్పటినుంచీ, బాబాయి మడి కట్టుకుంటే పిన్ని కూడా దూరంగా తప్పుకుని నడిచేది.

బాబాయి తల తిప్పి జనంలో వెతికాడు. నేను కనిపించాక చెయ్యి చాపాడు.

"రావే, చెయ్యివ్వు."

"బాబాయ్, మడిలో ఉన్నావు" అన్నాను దగ్గరికి పోయి, మెల్లగా. "నేను మెట్రోలో అందరినీ రాసుకుంటూ వచ్చాను."

"నీ చేతి గోళీలు నా ఒంట్లో కరిగిపోయాయన్నావు కదా. అవి కలిస్తే పోని మడి, నీ చెయ్యి తగిలితే పోతుందటే?" అన్నాడు. "పట్టుకో ముందు. తిమ్మిరెక్కుతోంది."

వంగి పట్టుకున్నాను. బరువు మనిషే. నా భుజం మీద ఆనుకుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కూడదీసుకుని లేచాడు. నిలబడ్డాక పంచె కుచ్చెళ్ళు చూసుకున్నాడు, అమ్మయ్య అన్నాడు. పిన్ని హారతి పళ్ళెం తెచ్చి కుడిచేతికిచ్చింది. ఎడమచేత్తో ఆయనే కొట్టాల్సిన గంటని మా మేనేజరుకిచ్చి కొట్టమన్నాడు. హారతి అయ్యేదాకా ఆ ఎడమచెయ్యి నా చేతిలోనే ఉంది.